కృష్ణుడి మెడ మీద నలుపు

"ఒంటి మీద నలుపుని కప్పాలంటే ఏ రంగు వెయ్యాలి గురువుగారూ?" అని గోవర్ధనం అడిగాడు. చేతిలో కుంచె ఉన్నంతసేపు నాటకాల మేకప్ మేస్త్రి మల్లేశ్వరాచారి గారు ఏ ప్రశ్నకీ మాటతో జవాబు చెప్పరు. ఏదో ఒకటి చేసి చూపిస్తారు. ఈసారి చేసింది చాలా చిన్న పని, కథ కూడా అంతే చిన్నది. తమలపాకు నమిలేలోగా అయిపోతుంది. కాకపోతే ఆ నలుపు ఎవరిదో ముందు తెలియాలి. అది రత్తయ్యగారిది. రత్తయ్యగారి గురించి చెప్పాలంటే ఆయన భోజనం గురించి చెప్పాలి. అది మాత్రం చిన్న కథ కాదు.

కొల్లిమర్రులో రైసుమిల్లు ఆయనదే, నాటక సమాజం ఆయనదే, అందువల్ల కృష్ణుడి వేషమూ ఆయనదే. గొంతు మంచిది, ఆ మాట కాదనలేం. అయితే పద్యానికీ పద్యానికీ మధ్య తెర వెనక్కి వెళ్లి గారెలు తినేవారు. ఇంట్లో పప్పులోకి నెయ్యి గరిటెతో కాక చెంబుతోనే వంచుకుంటారని వంటమనిషి చెప్పింది. ఆవిడ కూడా చిక్కిన మనిషేం కాదు. ఏటేటా కృష్ణుడి చమ్కీ కోటుకి పక్కల్లో గుడ్డ వేసి కుట్టగా కుట్టగా, చివరికి కోటు కంటే అతుకులే ఎక్కువయ్యాయి. పొట్ట మడతల్లో చెమట నిలిచి, ఒరుసుకుని, ఎర్రగా పుండ్లు పడి ఒకటే దురద. ఒకసారి రాయబారం మధ్యలో స్వామివారు పట్టుపంచె మీదుగానే బరబరా గోక్కున్నారు. అది దుర్యోధనుడికి హెచ్చరిక అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఇక మెడ. వెనకవైపు మడతలు పడి, మందంగా, నల్ల మఖమల్ గుడ్డ చుట్టినట్టు తయారైంది. చుట్టూ ఆవగింజలంత పులిపిర్లు. రత్తయ్యగారి భార్య కొబ్బరిపీచుతో తోమింది, నిమ్మచెక్కకి ఉప్పు అద్ది రుద్దింది. తోలు లేచి మండింది గానీ నలుపు కదల్లేదు. మురికైతే పోవాలి, పోలేదు కాబట్టి ఇది రంగేనని మొగుడూ పెళ్లాలు తేల్చారు. ఏళ్ల తరబడి కృష్ణుడి నీలం పూసి పూసి ఆచారి తన తోలుకే రంగెక్కించాడని రత్తయ్యగారు ఊరంతా చెప్పారు. ఊరు నమ్మింది. కొల్లిమర్రు నమ్మని సంగతంటూ ఇంతవరకూ లేదు.

ఆ తరవాత ఆయన గోవర్ధనాన్ని మిల్లుకి పిలిపించారు.

"శివరాత్రి నాటకం అవగానే మీ ముసలాణ్ణి పంపించేస్తా. రంగుల పెట్టె నీదే. కాకపోతే ఆలోగా నా మెడ తెల్లగా చేసి చూపించాలి."

రంగుల పెట్టె ఎవరి చేతిలో ఉంటే సమాజానికి వాళ్లే మేకప్ మేస్త్రి. నలభయ్యో పడిలో పడ్డా గోవర్ధనం ఇంకా ఆ పెట్టె మోసేవాడే గానీ, తెరిచే హక్కు లేదు. మనిషి పేరుకి తగ్గట్టే ఉంటాడు, ఆ గోవర్ధనాన్ని ఏ కృష్ణుడూ వేలితో ఎత్తలేడు. రత్తయ్యగారి గారెల్లో మిగిలినవి అతనివే. చొక్కా కాలరు ఎండాకాలంలో కూడా పైకి ఎత్తి ఉంచుతాడు. స్టయిలని అతను చెప్పాడు, ఊరు అదీ నమ్మింది. రంగు వెయ్యడం నేర్పిన మనిషి పొట్ట కొట్టాలంటే మనసొప్పలేదు. పెట్టె వదులుకోవడానికీ ఒప్పలేదు. గుంటూరు వెళ్లి రకరకాల క్రీములు తెచ్చాడు. వాటిని ముందుగా ఎవరి మీద పూసి చూశాడో ఎవరూ అడగలేదు. ఏదీ పని చెయ్యలేదు.

శివరాత్రి సాయంత్రం బడి గదిలో ముస్తాబు మొదలైంది. ఆ సమాజంలో ఒక ఆనవాయితీ ఉంది. కిరీటం పెట్టేదాకా వేషగాడు మేస్త్రి మాట వినాలి. కిరీటం పెట్టాక మేస్త్రే వేషగాడికి దణ్ణం పెట్టాలి. దేవుడితో మనుషుల గొడవలు మాట్లాడకూడదు. అందుకని ఏమన్నా అనుకోవాలంటే ముందే అనుకోవాలి.

రత్తయ్యగారు చొక్కా విప్పి స్టూలు మీద కూర్చుని, గోవర్ధనం వైపు చూసి కళ్లెగరేశారు. గోవర్ధనం నలుపుని కప్పే రంగేదని అడిగాడు. ఆచారిగారు కుంచె కింద పెట్టారు.

"చెయ్యెత్తండి బాబూ."

"ఇప్పుడెందుకయ్యా? అభయహస్తం చివర్లో గదా!"

"ఎత్తండి."

ఎత్తారు. చంకలో కూడా అదే నలుపు, అదే మఖమలు. ఆచారిగారు అద్దం తెచ్చి కింద పట్టారు.

"ఇక్కడ నేనెప్పుడు రంగేశాను బాబూ?"

రత్తయ్యగారు రెండో చెయ్యి కూడా ఎత్తి చూసుకున్నారు. దొంగలకి దొరికిపోయిన షావుకారులా, కృష్ణ పరమాత్మ కాసేపు రెండు చేతులూ పైకెత్తి అలాగే కూర్చున్నారు.

"మరి ఇదేంటయ్యా?"

"లోపల్నుంచి వచ్చింది. నా పెట్టెలో దీనికి రంగు లేదు. మా అన్నకీ ఇలాగే వస్తే చందనం పూసుకు తిరిగాడు. షుగరని తేలేసరికి ఆలస్యమై కాలు తీసేశారు. రేపు ఆసుపత్రికెళ్లి ఓ చుక్క రక్తం ఇచ్చి రండి."

అని, రంగు పని పూర్తి చేసి, కోటు తొడిగి, కిరీటం పెట్టి, దణ్ణం పెట్టారు.

రత్తయ్యగారి సంగతి ఇక్కడే చెప్పేస్తే ఓ పనైపోతుంది. మర్నాడు ఆసుపత్రికి వెళ్లారు, షుగరుందన్నారు. మందులిచ్చి, ఒళ్లు తగ్గించమన్నారు. తిట్టుకుంటూనే మిల్లు చుట్టూ నడిచారు, నెయ్యి చెంబు అటకెక్కింది. మరుసటేటికి కోటు అతుకులు కొన్ని విప్పాల్సి వచ్చింది. మడతల్లో పుండ్లు మానాయి, మెడ నలుపు పలచబడింది, పూర్తిగా పోలేదు. ఆచారిగారికి క్షమాపణ చెప్పలేదు గానీ కొత్త కుంచెలు కొనిపెట్టారు. అయితే ఆ రోజు ఆసుపత్రి బస్సులో ఆయన ఒక్కరే వెళ్లలేదు.

ఎందుకంటే ఆ శివరాత్రి సాయంత్రం, రత్తయ్యగారు స్టేజీ ఎక్కాక, గదిలో గురుశిష్యులిద్దరే మిగిలారు. రత్తయ్యగారు ముట్టని గారెలు పళ్లెంలో అలాగే ఉన్నాయి. గోవర్ధనం భయంతో ఒకటి తిన్నాడు. మిల్లులో జరిగిన బేరం గురువుకి తెలిసిపోయిందని, ఇక తన్ని తరిమేస్తారని రెండోది తిన్నాడు.

ఆచారిగారు కుంచెలు కడిగి, తుడిచి, పెట్టెలో సర్దారు. మూత వేసి, పెట్టెని గోవర్ధనం ముందుకి తోశారు.

"నా చెయ్యి వణుకుతోంది. ఈ ఏటి నుంచి ఇది నీదే."

గోవర్ధనం మూడో గారె పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుని, రెండు చేతులూ పెట్టె మీదికి చాపాడు. గురువుగారు ఒక చేత్తో పెట్టె ఆపి, రెండో చేత్తో అద్దం అందుకున్నారు.

"పెట్టె ఎక్కడికీ పోదు. ముందు ఆ కాలరు దించు."