దాలమ్మ ఊకొట్టు మాన్యం

ఎప్పటి మాటో నేను చెప్పలేను. సముద్రం ఇప్పుడున్న చోటికి నాలుగు బారలు ఇవతలగా ఉండేదట. కొంగలు మనుషుల్ని చూసి ఎగిరిపోయేవి కావట. అప్పటి మాట.

సముద్రం పక్కన ఒక ఏరు. ఏటి పక్కన ఉప్పుమళ్ళు. ఉప్పుమళ్ళ పక్కన తెల్లదిబ్బ అని ఒక పల్లె. సముద్రపు నీళ్ళు ఏట్లోకి వచ్చేవి, ఏట్లోంచి మళ్ళలోకి వచ్చేవి, మళ్ళలో ఎండి ఉప్పయ్యేవి. ఆ ఉప్పుకుప్పల్ని ఎండవేళ దూరం నుంచి చూస్తే మబ్బులు అలిసిపోయి కిందికి దిగి కూచున్నట్టు ఉండేవి. ఆ పల్లెలో ఆడా మగా అందరూ ఉప్పు పనివాళ్ళే. పొద్దు పొడవకముందు మళ్ళలోకి దిగితే పొద్దు కుంకాకే ఎక్కేవారు.

ఆ దేశపు రాజుగారు మంచివాడు. ఊరూరా బడి పెట్టించాడు. తెల్లదిబ్బలోనూ పెట్టించాడు. మట్టిగోడలు, తాటాకు కప్పు, ముందు పొడుగ్గా ఒక అరుగు. పంతులుగారి పేరు విస్సన్న. పొద్దుటి పూట తెల్లదిబ్బ బడి, మధ్యాహ్నం ఏటి అవతల ఇంకో ఊరి బడి. రెండు బళ్ళకీ ఆయనొక్కడే. పొద్దు నడినెత్తికి రాగానే దోనె ఎక్కి వెళ్ళిపోయేవాడు.

పంతులుగారు వెళ్ళిపోతే పిల్లలేం చేస్తారు? మళ్ళ గట్ల మీద తిరిగేవారు. పీతల వెంట పరిగెత్తేవారు. ఆకలేస్తే ఎక్కడో ఒకచోట నిద్రపోయేవారు. పొద్దున నేర్చిన అక్షరం సాయంత్రానికి ఉండేది కాదు. నీళ్ళలో వేసిన ఉప్పుకల్లు ఎక్కడుంటుంది? మూడేళ్ళు గడిచాయి. అవతలి ఊరి పిల్లలు పద్యాలు చదువుతున్నారు. తెల్లదిబ్బ పిల్లలు ఇంకా ఓనమాల దగ్గరే ఉన్నారు.

ఆ బడి ఊడవడానికి ఒక మనిషి ఉండేది. పేరు దాలమ్మ. ఒకప్పుడు ఉప్పుతట్టలు మోసింది. ఒక వానాకాలం గట్టు మీంచి జారిపడితే తుంటి విరిగింది. అప్పట్నించి ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచేది. మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. బడి ఊడ్చినందుకు ఊరివాళ్ళు నెలనెలా కుంచెడు చోళ్ళు కొలిచేవారు. చోళ్ళంటే రాగులే. అంబలి కాచుకు తాగి బడి అరుగు మీదే పడుకునేది. ఆమెకి అక్షరం ముక్క రాదు.

అప్పట్లో పిల్లలు నేల మీద ఇసక పోసుకుని అందులో రాసేవారు. ఒకరోజు మధ్యాహ్నం దాలమ్మ చీపురు పట్టుకుని వెళ్ళేసరికి ముత్యాలు అనే పిల్ల ఇసక ముందు కూచుని ఏడుస్తోంది. ఉప్పు పనిచేసే జోగులు కూతురు.

"ఏటమ్మా, ఏటయింది?"

"ఈవేళ ‘క’ నేర్సుకున్నాను మామ్మా. రేపటికి పోద్ది."

"ఎక్కడికి పోద్ది?"

"ఏమో. రోజూ పోద్ది."

"ఇప్పుడుందా?"

"ఇప్పుడుంది."

"అయితే ఇప్పుడే నాకు సెప్పీ. నాను దాస్తాను."

పిల్ల కళ్ళు తుడుచుకుని ఇసకలో రాసి చూపించింది. దాలమ్మ వంగి చూసింది. "దీని నెత్తి మీద ఇదేటి?"

"తలకట్టు మామ్మా."

"ఎండకి కట్టుకుందా? మీ అయ్యలాగ?"

ముత్యాలు పకపకా నవ్వింది. అక్షరానికి తలకట్టు ఎందుకో, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో అన్నీ చెప్పింది. ప్రతి మాటకీ దాలమ్మ ఊ కొట్టింది. చివరికి చీరకొంగు అంచున చిన్న ముడి వేసి, "ఇదిగో, ఇందులో దాసీసాను" అంది.

మర్నాడు పంతులుగారు అడిగితే ముత్యాలు ‘క’ రాసింది. పోలేదు. ఉంది.

ఆ మధ్యాహ్నం ముగ్గురు పిల్లలొచ్చారు. ఆ పైవారం పదిమంది వచ్చారు. నెల తిరిగేసరికి పల్లెలోని పిల్లలందరూ అరుగు మీదే. దాలమ్మ తన చోళ్ళన్నీ పోసి అంబలి కాచేది. తలో దొప్పెడు పోసేది. పోసి ఒకటే మాట అడిగేది.

"తిన్నారా? విన్నారా? నాకు సెప్తారా?"

పిల్లలు చెప్పేవారు. దాలమ్మ ఊ కొట్టేది. అర్థం కాకపోతే మళ్ళీ అడిగేది. ఆమెకి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు పిల్లలకి అర్థమవ్వాలి కదా! నిజం చెప్పాలంటే చదువంతా అక్కడే జరిగేది.

ఎండకి కాగిన ఆ మధ్యాహ్నాలు ఎలా ఉండేవో చెబుతాను వినండి. గాలి ఉండేది కాదు. మళ్ళలో నీళ్ళు అద్దంలా నిలబడి ఉండేవి. ఆ నీళ్ళ మీదుగా పిల్లల గొంతులు తేలుకుంటూ వచ్చేవి. మళ్ళలో ఉన్న తల్లులు చేతిలో పని ఆపి వినేవారు. ఒక్కోసారి వాళ్ళకి నీళ్ళలో అక్షరాలు కనపడేవట. కొంగలు నడిచినట్టు ఒకదాని వెనక ఒకటి నడిచిపోయేవట. తలెత్తి చూస్తే పైన ఏమీ ఉండేది కాదట.

విస్సన్న పంతులు ఆశ్చర్యపోయాడు. "మూడేళ్ళు నేను చెబితే నిలవలేదు. నువ్వేం మంత్రం వేశావు దాలమ్మా?"

"మంతరమేటి బాబూ. ఆళ్ళు సెప్తారు. నాను ఊ కొడతాను."

రెండేళ్ళు అలా నడిచింది. మూడో ఏడు వేసవిలో వానలు పడ్డాయి. కాలం కాని కాలంలో మూడు వారాలు పడ్డాయి. ఉప్పు కుప్పలకి కుప్పలే కరిగి మళ్ళీ సముద్రంలోకి పోయింది. పల్లెలో పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి. దాలమ్మకి చోళ్ళు కొలిచేవాళ్ళు లేరు. ముత్యాలు తండ్రి జోగులు అరుగు దగ్గరికి వచ్చాడు.

"దాలప్పా" అన్నాడు. అప్పంటే అక్క. "రేపట్నించి నా కూతురు మధ్యానం ఇక్కడికి రాదు. పీతలేరుకుంటాది. నోట్లోకి అంబలి లేనప్పుడు నోటికి అచ్చరాలెందుకు?"

"నిజమే తమ్ముడూ" అంది దాలమ్మ. "అంబలుంటే పంపుతావా?"

"ఎక్కణ్ణించి తెస్తావు?"

"రాజుగారినడుగుతాను."

జోగులు నవ్వాడు. నవ్వి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

కోటకి మూడు రోజుల నడక. ఒకరోజు ఇసక, ఒకరోజు తాటితోపులు, ఒకరోజు కొండదారి. కాలు ఈడ్చుకుంటూ దాలమ్మ ఆరు రోజులు నడిచింది. కచేరీలో దివానుగారు కూచున్నాడు. ఏ ఊరికి ఏ సాయమైనా ఆయన చేతి మీదుగానే.

"రాజుగారు బడి ఇచ్చారు, పంతుల్ని ఇచ్చారు. ఇంకేం కావాలి?"

"బడయిపోయాక పిల్లలకి అంబలి కావాలి బాబూ."

"అయిపోయిన బడికి సాయమా? రాజశాసనంలో లేదు. అయినా నోటిమాట చెల్లదు. రాసి పట్రా."

దాలమ్మ వెనక్కి వచ్చింది. పిల్లలు తాటాకు తెచ్చారు. ఒక్కొక్కరు ఒక్కో మాట రాశారు. ఒక మాట లావు, ఒక మాట సన్నం, ఒక మాట అంచు దాటి పక్కకి పోయింది. అది పట్టుకుని మళ్ళీ నడిచింది. దివానుగారు చదివాడు.

"మధ్యాహ్నం చదువు చెప్పేదెవరు?"

"ఎవరూ లేరు బాబూ. నానుంటాను."

"నీకు చదువొచ్చా?"

"రాదు."

"చదువురాని మనిషి నడిపే బడికి రాజుగారి మాన్యం ఇస్తే పదూళ్ళు నవ్వుతాయి. వెళ్ళు."

"ఒక్కసారి వచ్చి సూడండి బాబూ."

"అంత దూరం మేమెక్కడ వస్తాం?"

దాలమ్మ మళ్ళీ వెనక్కి వచ్చింది. దివానుగారు రాలేడు కాబట్టి పిల్లల్నే తీసుకెళ్తానంది. తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందుగా జోగులే లేచాడు. "ఎలాగూ ఉప్పు లేదు. నానూ వస్తాను. నడవలేని పిల్లల్ని మోస్తాను" అన్నాడు.

మూడోసారి వాళ్ళు కోట చేరేసరికి సరిగ్గా మధ్యాహ్నం. కచేరీ వాకిట్లో నీడ చూసుకుని పిల్లలు కూచున్నారు. దారిలో అడుక్కున్న చోళ్ళతో దాలమ్మ అంబలి కాచింది. తలో దొప్పెడు పోసింది. దివానుగారివైపు చూడనే లేదు.

"తిన్నారా? విన్నారా? నాకు సెప్తారా?"

పిల్లలు చెప్పడం మొదలుపెట్టారు. ఒకడు ఎక్కం చెప్పాడు. ఒకతె పద్యం చెప్పి, అందులో దాలమ్మకి తెలియని మాటకి అర్థం చెప్పింది. దాలమ్మ ఊ కొట్టింది. ఇద్దరు పిల్లలు ఒక లెక్క మీద దెబ్బలాడుకుంటే, "ఇద్దరూ మళ్ళీ మొదట్నించి సెప్పండి, నాకు తెలీలేదు" అంది. చెబుతూ చెబుతూ తప్పు చెప్పినవాడే ఆగిపోయి నాలిక కరుచుకున్నాడు.

దివానుగారు లేచి వాకిట్లోకి వచ్చాడు.

"ముసలమ్మా, నువ్వేం చేస్తున్నావు?"

"వింటన్నాను బాబూ."

"అంతేనా?"

"అంతే. పెద్దిళ్ళలో తాతలుంటారు, మామ్మలుంటారు. పిల్లలు ఇంటికొస్తే ‘ఏం సెప్పారు’ అని అడుగుతారు. మా దిబ్బ మీద అడిగే తీరిక ఎవరికుంది? ఎవరూ అడక్కపోతే పిల్లల నోట్లో సదువు ఎండిపోద్ది."

దివానుగారు పిల్లల పక్కన మెట్టు మీద కూచున్నాడు. ఆ ఎక్కం తనకీ చెప్పమన్నాడు.

రాజుగారితో మాట్లాడి మాట ఇచ్చాడు. తెల్లదిబ్బ ఒక్కదానికే కాదు. తల్లిదండ్రులు పొద్దుగూకేదాకా పనిలో ఉండే ప్రతి పల్లెకీ, రాళ్ళు కొట్టే పల్లెకీ, వలలు లాగే పల్లెకీ, బడి పక్కన కొంత పొలం. ఆ పంట మధ్యాహ్నం పిల్లల అంబలికి. ఊ కొట్టే మనిషికి కూడా అందులో తిండి. పన్ను లేని ఆ పొలానికి ఊకొట్టు మాన్యం అని పేరు పెట్టారు.

"సన్నదు రాయించి పంపుతాను" అన్నాడు దివానుగారు. సన్నదంటే రాజముద్ర వేసిన పత్రం. "మొదటి మాన్యం నీ పేరు మీద. దాని మీద నువ్వు నీ చేత్తో పేరు రాసి చేవ్రాలు పెట్టాలి. చేవ్రాలు లేని సన్నదు చెల్లదు."

తిరుగుదారిలో కొండ మీద వాన పట్టుకుంది. ఇల్లు చేరేసరికి దాలమ్మకి జ్వరం. అరుగు మీద పడుకోబెట్టారు. ముత్యాలు పక్కన ఇసక పోసింది.

"మామ్మా, నీ పేరు మూడచ్చరాలే. రోజుకొకటి."

మొదటిరోజు ‘దా’ నేర్చుకుంది. రెండోరోజు ‘ల’ నేర్చుకుంది. మూడోరోజు ‘మ్మ’ దగ్గర చెయ్యి తిరగలేదు. కింద ఇంకో చిన్న అక్షరం ఉంటుంది కదా, అది కుదరలేదు. "బిడ్డనెత్తుకున్నట్టుంది" అని దాని వైపే చూస్తూ పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కోటనుంచి మనిషి సన్నదు తెచ్చాడు. జోగులు దాలమ్మని లేపి తన భుజానికి ఆనించుకున్నాడు. ఆమె ఉప్పుకి పగిలిన వేళ్ళతో కలం పట్టుకుంది. ‘దా’ రాసింది. ‘ల’ రాసింది. రాసి, ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఆగింది. చుట్టూ పిల్లలందరూ ఉన్నారు. వాళ్ళని చూసి ఊ అంది. పిల్లలెవరూ ఏమీ చెప్పలేదు. అయినా ఊ అంది. అదే ఆఖరు.

చాలాసేపటికి కోట మనిషి తల దించుకుని అన్నాడు. "నాకు చెప్పాలని లేదు. కానీ పేరు పూర్తికాలేదు. ఇది చెల్లదు."

పిల్లల ఏడుపు ఒక్కటే వినపడింది. అప్పుడు జోగులు దాలమ్మని నెమ్మదిగా పడుకోబెట్టాడు. కూతురివైపు తిరిగాడు.

"ముత్యాలూ, ఆ మూడో అచ్చరం నాకు సెప్పు."

"నీకా అయ్యా?"

"నాకే. సెప్పు. ఇంటాను."

ముత్యాలు ఇసకలో రాసింది. జోగులు దాని మీద దిద్దాడు. ఒకసారి కాదు, సాయంత్రందాకా దిద్దాడు. ఎండ దిగాక సన్నదు తీసుకుని, దాలమ్మ రాసిన రెండక్షరాల పక్కన మూడోది రాశాడు. లావుగా, వంకరగా, తట్టంత పెద్దగా వచ్చింది.

కోటలో దివానుగారు ఆ చేవ్రాలు చూశాడు. "ఇది రెండు చేతుల రాత" అన్నాడు. జరిగింది విన్నాడు. సన్నదు కళ్ళకద్దుకున్నాడు. "చెల్లుతుంది. ఇంతకంటే చెల్లే చేవ్రాలు ఈ కోటలో లేదు. దీన్ని ఎవరూ దిద్దకండి" అన్నాడు.

ఆ ఏడు పంట వచ్చింది. అరుగు మీద మళ్ళీ అంబలి కాగింది. ఊ కొట్టడానికి జోగులు కూచున్నాడు.

ఆ రాజులు పోయారు, ఆ కోట పోయింది. ఏరు కూడా కొంత దారి మార్చింది. కానీ ఆ ఉప్పుమళ్ళ వైపు ఈనాటికీ ఒక ఆచారం ఉంది. పిల్లని బడిలో వేసేటప్పుడు ఇసకలో పేరు రాయిస్తారు. ఆఖరి అక్షరం మాత్రం పిల్ల రాయదు. ఇంట్లో చదువురాని మనిషి ఎవరుంటే వాళ్ళని కూచోబెట్టి, వాళ్ళ చెయ్యి పట్టుకుని, ఆ అక్షరం వాళ్ళ చేత రాయిస్తారు. అది పూర్తయ్యాకే ఆ పిల్ల చదువు మొదలైనట్టు.

ఇప్పుడు చదువురాని వాళ్ళు దొరకడం కష్టమైపోయింది. ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడుగుతారు. అక్కడా లేకపోతే పక్క వీధికి పోతారు. ఎక్కడా దొరకకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేసి, ఇసక పళ్ళెం బడి అరుగు మీద పెట్టి వచ్చేస్తారు.

పొద్దున్నే వెళ్ళి చూస్తే పేరు పూర్తయి ఉంటుందట. ఆఖరి అక్షరం కొంచెం వంకరగా ఉంటుందట.