సీతాఫలాల బండికి చక్రాలు

అనగనగా అంటే మరీ రాజులనాటి మాట కాదు పిల్లలూ. కొండకాయ, అంటే కొండమీది సీతాఫలం, గంపల్లో దిగే రోజులు పోయి, బండ్లలో దిగే రోజులు వచ్చిన కొత్తల్లో, గొర్రెలకొండ మీద ఓబులేసు అని ఒకడుండేవాడు.

ఆ కొండ నిండా సీతాఫలం చెట్లే. ఓబులేసు తల్లి కాలంలో ముప్పైమంది ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని, తెల్లవారగానే బారులు తీరి కొండ దిగేవారు. వాళ్ల పాట ముందు వచ్చేది, పండ్ల వాసన వెనక వచ్చేది. ఎంత చక్కని రోజులవి! దిగువ సంతలో పండ్ల వ్యాపారి ఖాజా సాహెబు వాళ్ల గంపల కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాడు.

ఆ తల్లుల్లో కొందరు కాలం చేశారు, కొందరికి మోకాళ్లు పోయాయి. అందుకని ఓబులేసు పాత పికప్ బండి ఒకటి కొన్నాడు. బండి మంచిదే గానీ, టైర్లు అరిగి అరిగి గుండు కొట్టించినట్టు నున్నగా ఉన్నాయి. కొత్తవి వేయించక తప్పింది కాదు.

పట్నంలో చక్రాల దుకాణానికి వెళ్లాడు. దుకాణదారు మాటకారి.

"అన్నా, ఈ అల్లాయ్ చక్రాలు చూడు. ఇంతేసి పెద్దవి, అద్దంలా మెరుస్తాయి. వాటి మీద పల్చటి టైరు. ఊరంతా నీ బండినే చూడాల!"

ఓబులేసుకు కావలసిందీ అదే కదా! వెంటనే వేయించాడు. గాలి కూడా రాయిలా బిగిసేట్టు కొట్టించాడు.

మొదటి బండి దిగింది. ఊరంతా నిజంగానే చూసింది. ఖాజా సాహెబు మాత్రం గంప విప్పి మొహం తిప్పుకున్నాడు. రాళ్లబాట కొట్టిన దెబ్బ ఒక్కటీ ఆ పల్చటి టైరు ఆపలేదు. అన్నీ పండ్లే తిన్నాయి. సగానికి సగం నల్లగా కమిలిపోయాయి.

మర్నాడే ఓబులేసు మళ్లీ దుకాణానికి పరుగెత్తాడు.

"అయితే వీటిని పెట్టుకో," అన్నాడు దుకాణదారు. "వెడల్పు టైర్లు. ఏనుగు పాదాలనుకో!"

వెడల్పయితే వెడల్పే గానీ, అవి మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చాయి. రెండో బండి దిగేటప్పుడు మలుపు మలుపుకీ రేకుకు ఒరుసుకుని కీచుమన్నాయి. నాలుగో మలుపులో ఒక టైరు కోసుకుపోయి బండి నిలిచిపోయింది. అది బాగయ్యేసరికి పొద్దు వాలింది. ఎండకు పండ్లన్నీ ఉడికిపోయాయి.

"ఓబులేసూ, మీ యమ్మ మీది గౌరవంతో రెండుసార్లు ఊరుకున్నాను," అన్నాడు ఖాజా సాహెబు. "మూడో బండీ ఇట్లనే వస్తే, ఈ ఏడు మీ కొండ కాయ నాకొద్దు."

కొండ మీద ఇరవై ఇళ్లకు ఆ కాయే ఆధారం. కాయ కదలకపోతే పొయ్యి వెలగదు.

ఓబులేసు తిన్నగా మేనత్త చెంగమ్మ ఇంటికి వెళ్లాడు.

"అత్తా, అంత దూరం నడిచి దిగుతాంటిరి కదా. పండు నలగకుండా ఎట్ల తెస్తాంటిరి?"

చెంగమ్మ నవ్వింది. పాత చీరపేలిక తీసి, గుండ్రంగా చుట్టి చుట్టకుదురు చేసి, మేనల్లుడి నెత్తిన పెట్టింది.

"ఒట్టి నెత్తిన గంప పెడితే మనమేసే ప్రతి అడుగూ పండుకు తగులుతాది రా. కట్టెలమోపుకైతే గట్టిగా చుట్టుకుంటాం, పండ్ల గంపకు మెత్తగా చుట్టుకుంటాం. తలకు మించి చుట్టుకుంటే జారిపోతాది. అందంగా ఉందా లేదా అని ఎవరు చూసినార్రా? నీ బండికి చుట్టకుదురు యాడుందో చూసుకో పో."

ఓబులేసు నెత్తి తడుముకున్నాడు. బండికి చుట్టకుదురంటే టైరే! ఇన్నాళ్లూ ఒట్టి నెత్తిన గంప పెట్టి పరుగెత్తించాను గదా అని సిగ్గుపడ్డాడు.

మూడోసారి దుకాణంలో అతనే మాట్లాడాడు. "ఈ బండికి మొదట ఉన్న ఇనుప చక్రాలే, ఆ కొలత టైర్లే కావాల. పక్కలు ఎత్తుగా ఉండాల, బరువు మోసే రకం కావాల. గాలి నా పండ్ల బరువుకు తగినంతే కొట్టు."

"నల్ల ఇనుప చక్రాలా! నీ బండిని ఎవరు చూస్తారన్నా?"

"బండిని చూడొద్దులే. పండును చూస్తే చాలు."

మూడో బండిలో చెంగమ్మ కూడా ముందు సీట్లో కూర్చుంది. బండి సాఫీగా దిగుతూ ఉంటే ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఏమైంది అత్తా?"

"యాభై ఏండ్లు ఈ కొండ దిగినా రా. నెత్తిన గంప ఉంటే చూపు కాళ్లకిందే. మన కొండ ఇంత పచ్చగా ఉంటాదని ఇప్పుడే చూస్తాండా. మీ యమ్మ కూడా ఉండుంటే బాగుండు."

ఓబులేసు బండిని ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చాడు.

సంతలో ఖాజా సాహెబు ఒక గంప విప్పాడు. రెండోది విప్పాడు. మూడోది విప్పి, అడుగున ఉన్న పండు తీసి వేళ్లతో తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా మచ్చ లేదు.

"కొండ కాయ వచ్చింది!" అని తన మనుషులను కేకేశాడు. "తక్కినవన్నీ జరిపి, ముందు వీటికి చోటు చేయండి!"

కాబట్టి పిల్లలూ, చక్రమైనా మరొకటైనా, చూసేవాళ్ల కళ్ల కోసం కాదు, మోసే బరువునూ నడిచే బాటనూ చూసి ఎంచుకోవాలి.