పడుకోవడం నేర్చుకున్న గాడిద

ఎర్రగుట్ట కింద ఏరు మలుపు తిరిగే చోట ఒక మడుగు ఉంది. వానాకాలంలో నిండుగా ఉంటుంది, చలికాలానికి సగమవుతుంది, ఎండలు ముదిరాక ఇసుక మిగులుతుంది. అప్పుడు ఆ ఇసుకలో చెలమ తవ్వుకుని, అందులో ఊరిన నీళ్లు తాగి బతకాలి. చెలమ ఒక్కటే, తాగే నోళ్లు బోలెడు. అందుకని ఆ చుట్టుపక్కల జంతువులు ఏటా చలికాలం చివర ఒక పందెం పెట్టుకుంటాయి. గెలిచినవాళ్లకు ఆ వేసవి చెలమ కాపు దక్కుతుంది. ఎవరు ముందు తాగాలో, ఎవరు వెనక తాగాలో కాపుదారు చెప్పిందే మాట.

పందెం మూడు రకాల కష్టం. ముందు మడుగు ఈదాలి. ఒడ్డెక్కి అక్కడున్న చక్రాన్ని గుట్ట మొదటి దాకా దొర్లించాలి. చివరికి గుట్టెక్కి దిగి, గుట్ట అడుగున ఉన్న తెల్లగుండును ముట్టుకోవాలి. ఎవరి ఒంటికి తగిన చక్రం వాళ్లు దొర్లించాలని ఒక నియమం ఉంది. ఆ నియమం పెట్టించింది సింగన్న అనే నక్క. దాని ప్రకారం ఓబులు అనే గాడిదకు ఇనప పట్టా ఉన్న ఎద్దులబండి చక్రం వచ్చింది, సింగన్నకు ఎవరో పిల్లలు ఆడి పారేసిన సైకిలు టైరు వచ్చింది. తీర్పు చెప్పే కాకికి సింగన్న తిని వదిలిన బొమికలు అప్పుడప్పుడూ అందుతుంటాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

పోయిన ఏడు సింగన్నే గెలిచాడు. చెలమలో ముందు తాను తాగేవాడు, తర్వాత అందులోనే స్నానం చేసేవాడు, ఒళ్లు దులుపుకున్నాక మిగతావాళ్లను "ఇంగ రండి" అని పిలిచేవాడు. ఆ నీళ్లు తాగి ఓబులు చెల్లెలు పోలికి కడుపు పోయింది. ఇప్పుడు మళ్లీ చూలుతో ఉంది, నడివేసవిలో ఈనాలి. అందుకే ఈసారి పందెం తానే గెలవాలని ఓబులు పట్టుబట్టాడు.

ఓబులు యజమాని ఆటో కొనుక్కున్నప్పటి నుంచి ఓబులుకు మూటలు మోసే పని తప్పింది. అయినా అలవాటు పోలేదు. గాడిద చాకిరీ అని లోకం అనేది వాళ్ల ఇంటి పనినే కదా. పొద్దున ఈత, మధ్యాహ్నం చక్రం, సాయంత్రం గుట్ట, మర్నాడు మళ్లీ అదే. వారం తిరిగేసరికి ఓబులు కాళ్లు కొయ్యలైపోయాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. మెడలోని గంట మోగకుండా నడవడం గాడిద జాతిలో వాడికే సాధ్యమైంది, అంత మెల్లగా కదులుతున్నాడు.

సింగన్న పరామర్శకు వచ్చాడు.

"ఏం ఓబులూ, ఒళ్లు నొప్పులా?"

"అవునన్నా. తొడలు తాకితే ప్రాణం పోతాండాది."

"అదృష్టవంతుడివి."

"అదెట్లన్నా?"

"నొప్పంటే ఏంది? ఒంట్లో ఉండే సోమరితనం బయటికి పోతాండాదని అర్థం. పోయేదాన్ని మధ్యలో ఆపకూడదు. రేపట్నించి రెండింతలు చెయ్యి. నేను పోయినేడు గెలిచింది ఇట్లనే."

"నువ్వు పడుకునే చూసినానే అన్నా, ఎప్పుడు చూసినా?"

"అది పడుకోవడం కాదప్పా. ఆలోచన."

ఓబులు నమ్మాడు. గెలిచినవాడి మాట కదా. మర్నాడు రెండింతలు చేశాడు. ఆ తర్వాతి రోజు మడుగు మధ్యలో వెనక కాలు పట్టేసి, నీళ్లు మింగి, చచ్చీ చెడీ ఒడ్డెక్కి అక్కడే కూలబడ్డాడు.

ఒడ్డున బూదన్న అనే ముసలి ఎద్దు మేస్తున్నాడు. వయసులో ఉన్నప్పుడు బండలాగుడు పందేల్లో పేరు మోసినవాడు. ఆ పేరు మనం మరిచిపోతామేమోనని రోజుకోసారి గుర్తు చేస్తుంటాడు. పక్కనే చుక్కమ్మ అనే మేక ఉంది. చుక్కమ్మకు ఒకచోట నిలబడటం ఇంతవరకూ తెలియదు. పొద్దున్నే గుట్టెక్కితే పొద్దు గుంకే దాకా ఈ బండ మీంచి ఆ బండ మీదికి దూకుతూనే ఉంటుంది, ఎందుకని అడిగితే ఆమెకూ తెలియదు.

"ఏరా అల్లుడా, చచ్చినావా?" అన్నాడు బూదన్న.

"ఇంగా లేదు మామా. రొంచేపు ఆగి గుట్టెక్కాల. సింగన్న రెండింతలు చెయ్యమన్నాడు."

"సింగన్న ఎవరు? నీతో పందెం కాసేవాడు. వాడు నీకు పాఠం చెప్తే నువ్వు వింటివి. గడ్డి తినేది నేనా, నువ్వా?"

"ఇద్దరమూ తింటాం కదా మామా," అన్నాడు ఓబులు వినయంగా.

బూదన్న నిట్టూర్చాడు. "ఇట్లా చూడు. మా ఆసామి నాచేత ఒకరోజు బండ లాగిస్తే రెండోరోజు ఏం చేయించేవాడో తెల్సా? ఏమీ చేయించేవాడు కాదు. గోరువెచ్చని నీళ్లు పోసి, రవ్వంత దూరం ఊరికే నడిపించి, ఉలవలు పెట్టి కట్టేసేవాడు. గట్టిగా పని చేస్తే కండ లోపల రవ్వరవ్వ చిరుగుతాది. నువ్వు పడుకున్నప్పుడు అది కుట్లేసుకుంటాది, ముందరికంటే గట్టిగా. నువ్వేమో కుట్లు పడకముందే మళ్లా చించుతాండావు. ఇంగ బలం యాడ్నుంచి వస్తాది?"

"అయితే ఇప్పుడేం చెయ్యాల మామా?"

"పడుకో."

"పడుకుని?"

"పడుకుని ఏమీ చెయ్యొద్దు."

ఓబులు చాలాసేపు ఆలోచించాడు. "అది ఎట్లా చెయ్యాల?"

"చెయ్యకూడదురా! ఊరికే ఉండాల."

"ఊరికే ఉంటే ఎవరూ తిట్టరా?"

ఈ మాటకు బూదన్న మేత నమలడం ఆపాడు. చుక్కమ్మ కూడా ఒక్క క్షణం దూకకుండా నిలబడింది.

నేర్పడం మాటలు కాలేదు. మొదటి రోజు ఓబులును నీడలో పడుకోబెట్టి బూదన్న కాస్త అటు తిరిగాడు, ఇటు తిరిగేసరికి వాడు లేచి ఎవరిదో ముళ్లకంప మూట వీపు మీద వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడికి మోయాలో తెలియక నిలబడ్డాడు, లేకపోతే వెళ్లేవాడే. రెండోసారి పడుకోబెడితే కళ్లు మూసుకుని గాల్లో కాళ్లు ఆడించాడు. చివరికి బూదన్న వాడి పక్కనే పడుకుని, ఒక కాలు వాడి మీద వేసి, తన బండలాగుడు రోజుల కథ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఓబులు వెంటనే నిద్రపోయాడు. ఆ కథవల్ల ఒకరికి మేలు జరగడం అదే మొదలు.

కానీ చుక్కమ్మకు ఒక దిగులు పట్టుకుంది. "మామా, వీడు పడుకున్నాడని తెలిస్తే ఆ నక్క మళ్లా వస్తాడు. వాడు ఒక్క మాటంటే వీడు లేచి గుట్టెక్కేస్తాడు. వీడికి మంచీ చెడ్డా తెల్దు."

"అయితే ఏమంటావు?"

"సింగన్న కంపచెట్ల చాటున పడుకుని చెవులతోనే కాపలా కాస్తాడు. వీడి మెడలో గంట నాకు కట్టు. నేను ఎట్లాగూ తిరిగేదే కదా. గంట మోగుతుంటే వీడు గుట్ట మీదనే ఉన్నాడనుకుని వాడు రాడు."

బూదన్న పళ్లతో ఓబులు మెడలోని తాడు విప్పాడు, చుక్కమ్మ మెడలో వేశాడు.

ఆనాటి నుంచి పద్ధతి మారింది. ఒకరోజు ఓబులు తెల్లారేలోపే గట్టిగా చేసేవాడు. మర్నాడు ఏటి మలుపు అవతల ఎండకు వేడెక్కిన లోతులేని నీళ్లలో కాసేపు నిలబడి, కళ్లం దగ్గర రాలిన ఉలవలు ఏరుకు తిని, నీడలో పడుకునేవాడు. సాయంత్రం గంట తన మెడకే తగిలించుకుని ఏటి ఒడ్డున తీరిగ్గా నడిచేవాడు. గుట్ట మీద మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంట గణగణమని మోగుతూనే ఉండేది.

కంపచెట్ల చాటున సింగన్న వింటున్నాడు. మొదట్లో మురిసిపోయాడు. "ఇంగ రెండు రోజుల్లో కాళ్లు ఊడి పడతాయి," అనుకుని అటు నుంచి ఇటు ఒత్తిగిలి నిద్రపోయాడు.

గంట ఆగలేదు. ఇంకో వారం గడిచినా ఆగలేదు. అనుమానం వచ్చి ఒక సాయంత్రం ఏటి ఒడ్డుకు వచ్చి చూశాడు. ఓబులు ఎదురొచ్చాడు. కళ్లల్లో కళ, తొడల్లో బిగువు. ఊరికే సంతోషం వచ్చి రెండు గెంతులు కూడా వేశాడు.

"నొప్పులు తగ్గినాయా ఓబులూ?" అని సింగన్న వాడి తొడల కేసి చూశాడు.

"తగ్గినాయన్నా. ఇప్పుడు బండి చక్రం సైకిలు టైరు మాదిరి పోతాండాది."

సింగన్న తిరిగి వెళ్తుంటే చుక్కమ్మ ఎదురుపడింది. సాయంత్రం కాబట్టి ఆమె మెడ బోసిగా ఉంది.

"చుక్కమ్మా, నిజం చెప్పు. రోజంతా గుట్ట మీద గంట మోగుతాండాది. వాడు అంతసేపూ ఎక్కుతాండాడా?"

"నీకు దండం పెట్టుకుని మొదలుపెడతాడన్నా. సింగన్న చెప్పిన మందు అంటాడు. రెండింతలు కాదు, ఇప్పుడు మూడింతలు."

ఆ రాత్రి సింగన్నకు నిద్ర పట్టలేదు. తాను చెప్పింది అబద్ధమని తనకు తెలుసు. తెలిసే చెప్పాడు. అయినా గాడిద రోజంతా గుట్టెక్కుతోంది, గంట వింటున్నాడు. గాడిద రోజురోజుకూ బలుస్తోంది, కళ్లారా చూశాడు. అంటే తాను పొరపాటున నిజం చెప్పేశాడా? నోట్లోంచి అంత గొప్ప రహస్యం జారిపోతుంటే తానే పట్టించుకోలేదా? తన మీద తనకే కోపం వచ్చింది.

తెల్లారగానే మొదలుపెట్టాడు. పగలంతా ఈత, టైరు; తాను చేస్తున్నట్టు ఓబులుకు తెలియకూడదని, గంట ఆగాక చీకట్లో గుట్ట. గుట్ట మీద గంట మోగే కొద్దీ వాడూ మడుగు ఈదుతూనే ఉన్నాడు. రెండో రోజుకు పిక్కలు బిగుసుకున్నాయి. "సోమరితనం పోతాండాది," అని తనకు తానే చెప్పుకున్నాడు. మూడో రోజుకు తోక ఎత్తలేకపోయాడు. "బాగా పోతాండాది," అనుకున్నాడు. కాకి చూసి, ఒకరోజు ఆగరాదా అంది. "ఆగితే సోమరితనం మళ్లా లోపలికి వస్తాది," అన్నాడు సింగన్న. పోయిన ఏడు వాడిని గెలిపించిన ఆ పగటి నిద్ర ఆనాటి నుంచి ఒక్కసారి కూడా పోలేదు.

పందెం రోజు వచ్చింది. పోలి నిండు కడుపుతో మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఒడ్డున నిలబడింది. "అన్నా, జాగ్రత్త," అంది. ఓబులు సరేనని తలూపాడు. ముందు రెండు రోజులూ బూదన్న వాడిని అసలు కదలనివ్వలేదు. అందుకని కాళ్లు నేల మీద నిలవడం లేదు.

కాకి అరిచింది. ఈ ఏడు సింగన్నకు ఎదురు నిలిచింది ఓబులు ఒక్కడే; ఇద్దరూ నీళ్లలో దూకారు.

ఈతలో సింగన్న కాస్త ముందే ఉన్నాడు, పౌరుషం అటువంటిది. ఒడ్డు ఇంకో బారెడు దూరం ఉందనగా పిక్క పట్టేసింది. కుయ్యిమంటూ ముందు కాళ్లతోనే గట్టెక్కి, టైరును మూతితో ఒక్క తోపు తోశాడు. టైరు దిగుడు బాటలో చక్కగా దొర్లిపోయింది. దాని వెంట పరిగెత్తాల్సిన సింగన్న మాత్రం తోసిన చోటే ఉన్నాడు. వెనక కాళ్లు రామన్నాయి.

టైరు ఒక్కటే గుట్ట మొదటికి చేరి, తెల్లగుండుకు తగిలి, పక్కకు ఒరిగింది. టైరు గెలిచినట్టా అని ఎవరో అడిగారు. బొమికల మీద ఎంత ఇష్టం ఉన్నా కాకి అంత తీర్పు చెప్పలేకపోయింది.

ఓబులు బండి చక్రాన్ని ఛాతీతో తోసుకుంటూ సింగన్నను దాటాడు. గుట్టెక్కాడు, దిగాడు, తెల్లగుండును మూతితో ముట్టుకున్నాడు. ముట్టుకున్న వెంటనే ఎవరూ చెప్పకుండానే అక్కడే నీడ చూసుకుని పడుకున్నాడు. బూదన్నకు కళ్లు చెమర్చాయి.

అంతలో గుట్ట మీంచి గణగణమంటూ చుక్కమ్మ దూకి వచ్చింది. సింగన్న పడి ఉన్న చోట ఆగింది. సింగన్న ఆమె మెడ కేసి చూశాడు, దూరంగా పడుకున్న ఓబులు బోసి మెడ కేసి చూశాడు, మళ్లీ ఆమె మెడ కేసి చూశాడు.

"గంట," అన్నాడు.

"అవునన్నా," అంది చుక్కమ్మ.

"అన్ని రోజులూ?"

"అన్ని రోజులూ."

"మరి వాడు?"

"పడుకునేవాడు."

సింగన్న కళ్లు మూసుకున్నాడు. లేచి పోదామంటే లేవలేడు కాబట్టి, వచ్చినవాళ్లందరూ చూసి వెళ్లే దాకా అక్కడే ఉన్నాడు.

ఎండలు ముదిరాయి. చెలమ తవ్వారు. కాపుదారు ఓబులు రెండే మాటలు చెప్పాడు: ఎవరూ లోపల కాలు పెట్టకూడదు, చూలుతో ఉన్నవాళ్లు ముందు తాగాలి. పోలి ఈనింది. పిల్ల నిలబడింది. సింగన్న వంతు చివర వచ్చింది, అప్పటికీ నీళ్లు తేటగానే ఉన్నాయి. కుంటుకుంటూ వచ్చి తాగి, కాసేపు నిలబడి, ఇంకా కాళ్లు సలుపుతున్నాయని మెల్లగా ఓబులుతో అన్నాడు.

"పడుకో అన్నా," అన్నాడు ఓబులు. "ఎట్లా పడుకోవాల్నో తెలియకపోతే బూదన్న మామ నేర్పిస్తాడు. కథ రవ్వంత పెద్దది."

ఎర్రగుట్ట కింద ఇప్పటికీ చెప్పుకునే మాట ఇది: ఒళ్లు అడిగిన విశ్రాంతి మనంతట మనం ఇవ్వకపోతే, పందెం రోజున అదే తీసేసుకుంటుంది.