లూకా అయ్యగారంత కాదు

ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పే అలవాటు ఆశీర్వాదం అయ్యగారికి లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కునేవారు. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఎర్రవాగుపాలెం సంఘానికి ఇరవై ఏళ్లకు పైగా కాపరిగా ఉండి, పని విరమించి, దగ్గరి పట్నంలో కూతురింట్లో ఉంటున్న రోజుల్లో కూడా ఆ అలవాటు పోలేదు. చుట్టుపక్కల సేవ చేసే యువ పాస్టర్లు ఆయన దగ్గర నేర్చుకోవడానికి వస్తూ ఉండేవారు. వాళ్లలో నెహెమ్యా ఒకడు. ఆయన తర్వాత ఎర్రవాగుపాలెం సంఘాన్ని చేపట్టింది అతనే.

ఒక శనివారం పొద్దున నెహెమ్యా వచ్చి, ఇచ్చిన టీ తాగకుండా గ్లాసు పక్కన పెట్టేశాడు.

"అయ్యగారూ, మీరు తప్పుగా అనుకోనంటే ఒకటి అడుగుతాను. సంఘం పాత కాపరిని మరిచిపోయి, కొత్త కాపరిని తన మనిషి అనుకోవడానికి ఎంతకాలం పడుతుంది?"

పాత కాపరి ఎదురుగానే ఉన్నారు గనుక నెహెమ్యా మాటలు వెతుక్కుంటూ చెప్పుకొచ్చాడు. జ్వరంతో పడుకున్న మనిషికి ప్రార్థన చేసి లేస్తే, "ఆశీర్వాదం అయ్యగారైతే ఇంకాసేపు చేసేవారు" అన్నారట. ప్రసంగం కోసం వారమంతా కష్టపడితే, "బాగుందయ్యగారూ, పాత అయ్యగారు ఇదే వాక్యం చెప్పిన రోజున జనం వలవలా ఏడ్చారు" అన్నారట. అతని భార్య ఇచ్చిన టీ తాగుతూ కూడా, పాత అమ్మగారు అల్లం దంచి వేసేవారని గుర్తు చేసుకున్నారట. ఆశీర్వాదంగారు ఇదంతా నవ్వుతూ, ఎంతో ఇష్టంగా విన్నారు. జనం ఏడ్చిన సంగతి రెండోసారి చెప్పించుకున్నారు.

"నవ్వకండి అయ్యగారూ," అన్నాడు నెహెమ్యా. "వచ్చి రెండేళ్లు దాటింది. నావల్ల ఆ ఊళ్లో ఒక్కరికైనా మేలు జరిగిందో లేదో నాకు తెలియడం లేదు. వచ్చే వారం సంఘాల సమాఖ్య పెద్దల్ని కలిసి వేరే ఊరు ఇమ్మని అడుగుదామనుకుంటున్నాను. ఇంట్లో కూడా చెప్పేశాను."

ఆయన నవ్వు ఆపి, లేచి చెప్పులు వేసుకున్నారు. "బండి తియ్యి. రాహేలమ్మను చూసి చాలా రోజులైంది."

నెహెమ్యా అయిష్టంగానే లేచాడు. రాహేలమ్మ ఆ సంఘంలో అందరికన్నా పెద్దది. "ఆశీర్వాదం అయ్యగారైతే" అనే మాట అతను ఎక్కువగా విన్నది ఆమె నోటనే.

వాళ్లు వెళ్లేసరికి పేట చివరి ఇంటి వసారాలో, గోనెపట్టా మీద కూర్చుని ఆమె మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. చూపు ఆనకపోయినా గొంతు వినగానే ఆనవాలు పట్టింది. "ఆశీర్వాదం అయ్యగారా! వందనాలయ్యా!" అంటూ లేవబోయింది. ఆయన ఆమెను లేవనివ్వక, తానూ ఆ పట్టా మీదే చతికిలబడ్డారు.

"రాహేలమ్మా, నేను ఈ ఊళ్లో ఎట్లా పనిచేశానో ఈ పిల్లవాడికి చెప్పు."

"మీ మొహం మీదే చెప్పమంటారా?"

"చెప్పు, పర్వాలేదు."

ఆమె ఒక కాయకు తొడిమ తీసి, బుట్టలో వేసి, నిదానంగా అంది: "లూకా అయ్యగారంత కాదు."

నెహెమ్యా తెల్లబోయాడు. లూకా అయ్యగారంటే ఆశీర్వాదంగారికి ముందు అక్కడ సేవ చేసి, ఎన్నడో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిన పాస్టరు.

"ఆయన నోరు తెరిస్తే గుళ్లో చంటిపిల్లలు ఏడుపు మానేవాళ్లు," అంది రాహేలమ్మ. "ఈయన వచ్చాక మళ్లీ మొదలుపెట్టారు. వచ్చిన కొత్తలో క్రిస్మస్‌కి ఓ పాట పాడారు చూడండీ, నేను లేచి బయటికి పోయాను."

ఆశీర్వాదంగారు కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వుతున్నారు. "లూకా అయ్యగారి పేరు ఎత్తకుండా ఈమె ఒక్క వారం గడిపితే, ఒంట్లో బాగాలేదేమోనని చూడ్డానికి వచ్చేవాణ్ణయ్యా!"

నెహెమ్యా ఆమె వైపు కొంచెం జరిగాడు. "మరి ఇదంతా లూకా అయ్యగారితో ఎప్పుడైనా అన్నావా అమ్మా?"

రాహేలమ్మ చేతులు ఆగిపోయాయి. "లేదు నాయనా. మా పెద్దోడు పోయినప్పుడు ఆయన ఇల్లూ వాకిలీ వదిలేసి ఈ వసారాలోనే కూర్చున్నారు. ఒక్క మాట చెప్పలేకపోయాను. మనిషి ఎదురుగా ఉంటే ఎట్లా చెబుతాం? సిగ్గు కాదూ!" అంతలోనే ఆమె గొంతు కరుకైంది. "అది సరే, నిన్న శుక్రవారం మీరు రాలేదేం? పొద్దు గూకేదాకా అరుగు మీదే కూర్చున్నాను. పోయిన వారం కీర్తన సగంలో ఆపి పోతిరి. మిగతాది ఎవరు చదువుతారు?"

నెహెమ్యా బైబిలు తెరిచి ఆ మిగిలిన సగం చదివాడు. ఆమె అతనితో పాటు పెదవులు కదుపుతూ విన్నది. తర్వాత ఆమె తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాడు. ఆమె ఆమేన్ అని, కొంగుతో కళ్లు తుడుచుకుని, అతని వైపు తిరిగి అంది:

"ఆశీర్వాదం అయ్యగారైతే ఇంకాసేపు చేసేవారు."

ఆయన పక్కనే ఉన్నారని అప్పుడు గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. ఈసారి పెద్దగా నవ్వింది నెహెమ్యా. ఆశీర్వాదంగారు మాత్రం నవ్వలేదు. తల వంచుకుని, ఆ కుప్పలోంచి ఒక మిరపకాయ తీసి, తొడిమ తీస్తూ ఉండిపోయారు.

తిరుగు దారిలో, ఊరు దాటాక, ఆయన వెనక నుంచి అడిగారు. "వచ్చే వారం పెద్దల్ని కలుస్తున్నావుగా?"

"కలుస్తానండీ. వానొస్తే గుడి కారుతోంది. రేకులు మార్పించమని అడగాలి."

మరి కొంత దూరం పోయాక నెహెమ్యా బండి నెమ్మది చేశాడు. "అయ్యగారూ, అక్కడున్న అన్నేళ్లలో మీ గురించి ఒక్క మంచి మాటైనా మీ చెవిన పడలేదా?"

"నా వంతుకు లూకా అయ్యగారి గొప్పలు వచ్చాయి. విన్నాను," అన్నారు ఆశీర్వాదంగారు. "నీ గొప్పలు వినవలసినవాడు ఇంకా ఆ ఊరు రాలేదు."