గొడుగాయన మీద పోటీ

కొండల అవతల, ఏడాదిలో సగం రోజులు జల్లు పడే గొర్రెల సీమలో ఒక ఊరుంది. ఆ ఊరి తరఫున జిల్లా సభలో కూర్చునేది గొడుగాయన. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోగా చూసిన కుర్రకారు ఊళ్లో లేరు.

మరి ఓట్లెప్పుడు వేశారంటారా? వేస్తే కదా. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆయనొక్కడే నిలబడేవాడు. ఒక్కడే నిలబడితే ఇక ఓట్లు దేనికి? పెద్దమనిషి మీద పోటీకి దిగడం ఆ ఊళ్లో మహా అమర్యాద. బంతిలో పక్కవాడి విస్తరి లాక్కున్నంత తప్పు. ఓటు పెట్టె ఖాళీగా ఎందుకని అందులో బంగాళాదుంపలు పోసుకున్నారు.

గొడుగాయన మంచివాడే, కాదనను. దారిలో ఎవరైనా తడుస్తూ కనబడితే గొడుగు పట్టి ఇంటిదాకా దిగబెట్టేవాడు. ఊరు తనను నెత్తిన పెట్టుకుందని ఆయనకు గట్టి నమ్మకం.

ఒక ఏడు వాగు పొంగి కాలివంతెన కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డు కాపరుల ఇళ్లకు రాకపోకలు ఆగిపోయాయి. గొడుగాయన సభకు వెళ్లి లేచి నిలబడ్డాడు.

“మా ఊరికి వంతెన కావాలి.”

సభాపతి పేరు గొలుసాయన. మెడలో ఇత్తడి గొలుసు, చేతిలో కలం. సంత ఊళ్లో నలుగురితో ఓట్లలో తలపడి గెలిచి వచ్చినవాడు.

“మీకు ఎంతమంది ఓటేశారు?” అని అడిగాడు.

“ఒక్కరూ వేయలేదు,” అన్నాడు గొడుగాయన. సభంతా నవ్వింది. వంతెన మాట ఎవరూ రాసుకోలేదు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చే దారిలో బాగా ఆలోచించాడు. వంతెన రావాలంటే ఓట్లు కావాలి. ఓట్లు పడాలంటే ఎదురు నిలబడేవాళ్లు కావాలి. ఇక చూడండి, రాబోయే ఎన్నికల్లో తన మీద నిలబడమని పెద్దమనిషి ఇంటింటికీ తిరిగి బతిమాలుకున్నాడు.

“మీ మీదా?” అన్నాడు పిండిమర ఆయన. “రేపు మీ మొహం ఎలా చూడనండీ?”

బడిపంతులైతే తలుపే తీయలేదు. చివరికి రొట్టెల కొట్టావిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ పిండి పిసుకుతూనే విన్నది.

“నిలబడతాను. ఉత్తుత్తికి మాత్రం కాదు. నిలబడితే గెలవడానికే.”

“అలాగే కానివ్వండమ్మా,” అన్నాడాయన. పిచ్చితల్లి, ఎంత ఆశ పడుతోందో అని లోపల జాలిపడ్డాడు.

ఆయన ప్రచారానికి కదల్లేదు. తనెవరో తెలియనిదెవరికి? ఆవిడ మాత్రం రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని, మోకాళ్లలోతు నీళ్లలో వాగు దాటి, అవతలి ఒడ్డున గడప గడపా తొక్కింది. తిరిగొస్తుంటే గొడుగాయన ఎదురుపడ్డాడు.

“ఎముకలు కొరికే చలిలో ఎందుకమ్మా ఈ పాట్లు?”

“అక్కడివాళ్లు నెల్లాళ్లుగా ఏం తింటున్నారో మీకు తెలుసా?”

తెలీదు. వంతెన పోయాక ఆయన అటు వెళ్లనే లేదు. బూట్లు తడుస్తాయని.

ఎన్నికల రోజు దుంపలు ఒంపి పెట్టె దులిపారు. గొడుగాయన తెర చాటుకు వెళ్లి చీటీ విప్పాడు. తన పేరు తనకే ముద్దుగా కనిపించింది. కానీ మన ఓటు మనమే వేసుకుంటామా, సిగ్గుచేటు కాదూ? పైగా, ఊరంతా ఎలాగూ నాకే వేస్తుంది, పాపం ఆవిడకి ఒక్కటైనా పడకపోతే చిన్నబుచ్చుకుంటుంది అనుకున్నాడు. ఆవిడ పేరు మీద గుర్తు పెట్టి, హాయిగా బయటికొచ్చాడు.

సాయంత్రం చీటీలు లెక్కపెట్టారు. ఒక్క ఓటు తేడాతో రొట్టెలావిడ గెలిచింది.

“మళ్లీ లెక్కపెట్టమంటారా?” అని అడిగారు.

“వద్దు,” అన్నాడు గొడుగాయన. ఆ ఒక్కటీ ఎవరిదో ఆయనకు తెలుసు.

ఇంటికెళ్లి తలుపేసుకున్నాడు. ఏడుపొచ్చింది. ఊరి మీద కోపం, ఆవిడ మీద కోపం, తన మర్యాద మీద మరీ కోపం. అన్ని కోపాలూ అయ్యాక ఒక సంగతి తట్టింది. ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చున్నాడే గాని, తనూ ఏనాడూ ఓటు వేసినవాడు కాదు. ఇదే మొదటిసారి. అదీ ఎంత పని చేసిందో చూడు అనుకున్నాడు. ఎందుకో నవ్వొచ్చింది.

పొద్దున్నే వెళ్లి రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే అడిగాడు.

“వంతెన సంగతి ఏం చేశారమ్మా?”

“నిన్ననే కదండీ గెలిచాను. అప్పుడేనా?”

“అప్పుడే. నా ఓటు మీకే వేశాను.”

ఆవిడ చేతిలోని రొట్టె బల్ల మీద పెట్టింది.

“మీకు మీరు వేసుకుని ఉంటే మీరే గెలిచేవారు.”

“అవును. అందుకే గట్టిగా అడుగుతున్నాను.”

ఆవిడ చేతుల పిండి దులుపుకుని, పొయ్యి ఆర్పి, కొట్టుకు తాళం వేసింది. వరసలో ఉన్నవాళ్లంతా ఆవిడ వెంట సభకు బయల్దేరారు. పిండిమర ఆయన వచ్చాడు, బడిపంతులు వచ్చాడు. సంగతి తెలిసి అవతలి ఒడ్డు కాపరులు వాగులో దిగి నడిచొచ్చారు. సభ గుమ్మం దగ్గరికి చేరేసరికి అందరూ తడిసి ముద్దయ్యారు.

రొట్టెలావిడ లోపలికెళ్లి వంతెన అడిగింది. గొలుసాయన గుమ్మం వైపు తేరిపార చూశాడు. ముందు నిలబడ్డ గొడుగాయన మీద కళ్లు ఆగాయి.

“మీరు ఓడిపోయారని విన్నాను. ఇంకా ఏ హోదాతో వచ్చారు?”

“ఈవిడకి ఓటేశాను,” అన్నాడు గొడుగాయన.

గొలుసాయన వంతెన మాట రాసుకున్నాడు. వడ్రంగికి కబురు పంపాడు.