కాలేజీకి దారి చెప్పినాయన

మార్కండేయులు గారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "టీ తాగొద్దాం పద" అంటారు. టీ అయ్యేలోపు జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే మళ్లీ వారం రావాల్సిందే. నిజాంపేటలో ఒక టిఫిన్ సెంటర్ పైన ఆయన గది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఏళ్ల తరబడి ఇంజనీరుగా చేసి, ఎంతమందినో ఇంటర్వ్యూ చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే మాలాంటి నలభై దాటినవాళ్లని, ఉద్యోగం పోయినవాళ్లని, పోతుందేమోనని నిద్రపట్టనివాళ్లని కూర్చోబెట్టి సీనియర్ ఇంజనీర్ ఇంటర్వ్యూలకి తయారుచేస్తారు. ఫీజు లేదు. తిట్లు మాత్రం బాగా పడతాయి.

ఆ ఆదివారం ఎదురు కుర్చీలో ప్రభంజన్ కూర్చున్నాడు. పదిహేడేళ్ల సర్వీసు. పాత కంపెనీ వాళ్లు టీం మొత్తాన్ని తీసేశారు. మంగళవారం ఒక పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. సార్ అచ్చం వాళ్లలాగే అడిగారు. "కస్టమర్ పెట్టింది ఒక్క ఆర్డరు. మీ సిస్టంలో రెండు పడ్డాయి. అందరికీ కాదు, ఎప్పుడో ఒకరికి. ఎక్కడ మొదలుపెడతావు?"

ప్రభంజన్ క్షణం ఆగలేదు. బోర్డు మీద డబ్బాలు గీశాడు, బాణాలు గీశాడు, క్లౌడ్ అన్నాడు, క్యూ అన్నాడు. గొంతు మాత్రం భలే గంభీరంగా ఉందండీ, న్యూస్ చదివినట్టు. "ఈ బాణం ఇటెందుకు వెళ్లింది?" అని సార్ అడిగితే, దానికి జవాబుగా ఇంకో డబ్బా గీశాడు.

"నీకు తెలియదు కదూ," అన్నారు సార్.

"పూర్తిగా తెలియదని కాదు సార్..."

"తెలియదు. ఆ మాట చెప్పు. చెప్పి, ఎలా తెలుసుకుంటావో అది చెప్పు."

ప్రభంజన్‌కి ఎక్కడో కాలింది. మార్కర్ టేబుల్ మీద విసిరినంత పని చేశాడు. "పదిహేడేళ్ల అనుభవం పెట్టుకుని వాళ్ల ముందు తెలియదని ఎలా అనమంటారు సార్? ఆ ముక్క నోట్లోంచి వచ్చిన మరుక్షణం నా పేరు కొట్టేస్తారు. తెలియకపోయినా ధైర్యంగా చెప్తే ఎవరికేం నష్టం?"

సార్ చెప్పులేసుకున్నారు. "టీ తాగొద్దాం పద."

ముగ్గురం కిందికి దిగాం, నేను కూడా వెంట వెళ్లాను. సార్ టీ కోసం కొట్టు లోపలికి వెళ్లారు. ప్రభంజన్, నేను రోడ్డు పక్కన నిలబడ్డాం. అప్పుడొచ్చింది ఒక బండి. నడిపేది నలభై అయిదేళ్లాయన, వెనక ఆయన కూతురు. ఆ పిల్ల చేతిలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో హాల్ టికెట్, పెన్ను. ఆరోజు ఇంజనీరింగ్ ఎంట్రన్స్ పరీక్ష. తొమ్మిదికి గేటు మూసేస్తారు, నిమిషం ఆలస్యమైనా పంపరు, మీకు తెలిసిందే కదా.

బండాయన నన్ను చూశాడు, ప్రభంజన్‌ని చూశాడు. ప్రభంజన్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు, అతన్నే అడిగాడు. "సార్, జర చెప్పుండ్రి. ప్రజ్ఞాకిరణ్ కాలేజీ రెండో క్యాంపస్ ఎటు దిక్కు వస్తది? ఫోన్ల కొడితే నాలుగు చూపెడ్తది. నిర్మల్ నుంచి వచ్చినం, ఇక్కడ మాకెవ్వరు తెల్వదు."

"రెండో క్యాంపసా?" అన్నాడు ప్రభంజన్. అదే గొంతు, ఇందాక బోర్డు దగ్గరి గొంతు. "నేరుగా వెళ్లిపోండి. పెట్రోల్ బంకు దాటాక ఎడమ చేతికి తిరగండి. పెద్ద బిల్డింగ్, దూరం నుంచే కనిపిస్తుంది."

వెనకున్న పిల్ల తండ్రి భుజం తట్టింది. "బాపూ, ఇంకొకళ్లను కూడ అడుగుదామే."

"సారు గింత మంచిగ చెప్పిండు గదనే! ఇంక ఎవర్నడుగుతవ్?" అని ఆయన దండం పెట్టి బండి ముందుకి ఉరికించాడు.

సార్ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చి, ఆ బండాయన ఏమడిగాడన్నారు. చెప్పాం. "ఆ క్యాంపస్ నువ్వు చూశావా?" అన్నారు.

"అటు ఏదో ప్రజ్ఞాకిరణ్ బోర్డు చూసినట్టు గుర్తు సార్. అదే అయ్యుంటుంది."

"అయ్యుంటుందా?"

ఆయన ముఖం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. గ్లాసులు బల్ల మీద పెట్టేశారు, సగం టీ ఒలికింది. "ఎక్కడో నాకూ తెలియదు. కనుక్కుందాం, రండి," అని పక్క మెడికల్ షాపులోకి నడిచారు. షాపతను మందు చీటీ మీంచి తలెత్తి "నాకు తెల్వదు సార్, జిరాక్స్ షాపుల అడుగుండ్రి, హాల్ టికెట్లు ఆడనే తీస్తరు," అన్నాడు. జిరాక్స్ షాపులో చెప్పారు. రెండో క్యాంపస్ మియాపూర్ దాటాక, పూర్తిగా అవతలి దిక్కు. పెట్రోల్ బంకు వైపున్నది వాళ్ల హాస్టలట.

కోపం రాదా చెప్పండి? మనకిదొక జబ్బు. దారి అడిగినవాడి ముందు తెలియదంటే ఏదో తక్కువైపోతాం. చెయ్యి దానంతటదే లేస్తుంది, వేలు దానంతటదే ఎటో చూపిస్తుంది. వెళ్లినవాడు ఏమయ్యాడో మనం చూడం, మనం అక్కడే టీ తాగుతుంటాం. అందుకే ఇన్నేళ్లుగా ఎవడికీ సిగ్గు రాలేదు.

ఆరోజు మాత్రం సార్ చూడనిచ్చారు. ప్రభంజన్ కారులోనే ముగ్గురం వెళ్లాం. హాస్టల్ గేటుకి తాళం వేసుంది. ఆ తండ్రి గేటు ఊచలు పట్టుకుని ఊపేస్తున్నాడు. పిల్ల ఏడవట్లేదు, హాల్ టికెట్ చూస్తూ నిలబడింది. బండి అక్కడే వదిలేసి ఇద్దర్నీ కారెక్కించాం. దారి పొడవునా ప్రభంజన్ హారన్ కొడుతూనే ఉన్నాడు. ఒక చోట ఫ్లైఓవర్ పనులని రోడ్డు సగం మూసేశారు. వెనక సీట్లో నా పక్కన ఆ పిల్ల పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది.

మేం దిగేసరికి గేటు మూసేసి ఉంది. బయట ఇంకా కొందరు తల్లిదండ్రులు కానిస్టేబుల్ చుట్టూ మూగి బతిమాలుతున్నారు. పిల్ల పరుగెత్తుకెళ్లి గేటు కొట్టింది. లోపల్నుంచి ఎవరో చెయ్యి అడ్డంగా ఊపారు.

ఆ పిల్ల మెల్లగా వెనక్కొచ్చింది. నేరుగా ప్రభంజన్ ముందు నిలబడింది. "మీకు తెల్వకుంటే తెల్వదని చెప్పొద్దా అంకుల్? ఇంకొకళ్లను అడుగుతుంటిమి కదా!"

ప్రభంజన్ చూడండీ, అప్పుడు కూడా ఆగలేదు. భయమో, అలవాటో. "లేదమ్మా, ఏం కాదు, ఇలాంటప్పుడు ఇంకో రోజు మళ్లీ రాయనిస్తారు. అప్లికేషన్ పెడితే చాలు. నేను మాట్లాడతాను..."

తండ్రి ముందుకొచ్చాడు. చొక్కా పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకోలేదు. ముఖంలో ముఖం పెట్టి అడిగాడు. "ఏమయ్యా, ఇదన్న తెలిసి చెప్తున్నవా? ఇది గూడ గట్లనేనా?"

ప్రభంజన్ సార్ వైపు చూశాడు. సార్ సాయం చేయలేదు, అసలు ఆయన కళ్లలో నాకు సాయమన్నదే కనిపించలేదు. గేటు దగ్గర ఎవరో తల్లి గట్టిగా ఏడుస్తోంది.

"తెలియదు," అన్నాడు ప్రభంజన్. గొంతులో ఆ గాంభీర్యం లేదు. "మళ్లీ రాయనిస్తారో లేదో నాకు తెలియదండీ."

ఆ తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని గుంపులోకి చొచ్చుకెళ్లాడు. "పోలీసు సారూ, లోపల పెద్దసారు ఎవరు? మళ్లా రాయనిస్తరా లేదా ఎవర్నడగాలె?" అని అరుస్తుంటే మాకు వినిపిస్తోంది. కానిస్టేబుల్ విసుక్కుంటూనే పక్క గేటు వైపు చెయ్యి చూపించాడు. తండ్రీ కూతుళ్లు అటు పరుగెత్తారు.

ప్రభంజన్ కదల్లేదు. "ఇంక నేనేం చేయగలను సార్?" అన్నాడు.

మార్కండేయులు గారు ఆ పక్క గేటు వైపే నడవడం మొదలుపెట్టారు. వెనక్కి తిరక్కుండానే అన్నారు. "తెలియదని చెప్పి ఇప్పటికి వదిలిపెట్టావయ్యా ఆయన్ని, తెలిసినవాళ్లని అడుక్కోడానికి."