ఒంటికంటి ప్రార్థన

ఎలీషా విశ్వాసానికి యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో గండం వచ్చింది. అదీ గుడ్డు రూపంలో.

వాళ్ళది చీరాల పక్క. కంచం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోకుండా మెతుకు ముట్టకూడదని వాళ్ళమ్మ నేర్పింది. ఇంట్లో ఆ అలవాటుకి ఏ ఇబ్బందీ రాలేదు. ఎమ్మెస్సీకని సీమకి వచ్చాక వచ్చింది. ఇక్కడ బుధవారం మధ్యాహ్నం మనిషికో గుడ్డు వేస్తారు. మొదటి బుధవారం ఎలీషా కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కంచంలో కూర ఉంది, గుడ్డు లేదు. అది ఉన్న చోట చిన్న గుంట మిగిలింది. బల్ల దగ్గర నలుగురూ తలలెత్తి ఫ్యాను వంక చూస్తున్నారు. వాళ్ళలో అతని రూమ్మేటు బసవరాజు దవడ మాత్రం ఆడుతోంది.

మరుసటి వారం ప్రార్థన కుదించాడు. "తండ్రీ" అని "ఆమెన్" అనేలోపే గుడ్డు వెళ్ళిపోయింది. ఆపై వారం ఒక కన్ను తెరిచి ప్రార్థించాడు. బసవరాజు చెయ్యి మూసిన కంటి వైపు నుంచి వచ్చింది. చివరికి గుడ్డు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఏందిరా, గుడ్డుకి బాప్తిస్మం ఇస్తాండావా?" అన్నాడు బసవరాజు.

మెస్సు మెస్సంతా నవ్వింది. వడ్డించే ఆయన కూడా గరిటె గాల్లోనే ఆపి నవ్వాడు.

ఆ రోజు నుంచి ఎలీషా మెస్సులో కళ్ళు మూయడం మానేశాడు. కూర్చున్న మరుక్షణం, అందరికన్నా ముందు, గుడ్డు తినేసేవాడు. గుడ్డయితే దక్కేది గానీ రుచి తెలిసేది కాదు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "ప్రార్థన చేసుకునే తింటున్నావా నాన్నా?" అని అడిగితే, సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేసేవాడు.

క్యాంపస్ గేటుకి ఎదురు సందులో రత్నాకరం అయ్యగారుండేవారు. పాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళు వదిలి వచ్చిన క్రైస్తవ పిల్లలు ఆదివారం సాయంత్రాలు ఆయన వరండాలో చేరి పాటలు పాడుకునేవారు, ఇంటి మీద బెంగపడేవారు, టీ తాగి వెళ్ళేవారు. ఒక ఆదివారం అందరూ లేచి వెళ్ళినా ఎలీషా మాత్రం కదల్లేదు.

"అయ్యగారూ, విశ్వాసం నిమిత్తం హింసపడుతున్నానండి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "కొట్టారా?"

"లేదండి."

"గదిలోంచి గెంటేశారా?"

"లేదండి. గుడ్డు తీసేశారు."

అయ్యగారు నవ్వలేదు. అందుకు ఆయన కాస్త కష్టపడాల్సి వచ్చింది. కథంతా విన్నారు. ప్రార్థన మానేసిన సంగతి మాత్రం ఎలీషా చిట్టచివర చెప్పాడు.

"ఏం చెయ్యమంటారండీ? వార్డెనుకి చెప్పనా? పోనీ, కళ్ళు తెరుచుకుని చేస్తే చెల్లుతుందా?"

"ఈ బుధవారం నాకో గెస్టు టోకెను తియ్యి," అన్నారు అయ్యగారు.

బుధవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మెస్సుకొచ్చి, సరిగ్గా బసవరాజుకి ఎదురుగా కూర్చున్నారు. పెద్దాయన్ని చూసి కుర్రాళ్ళు బుద్ధిగా బల్ల మీంచి మోచేతులు దించారు. కంచాల్లో గుడ్లు పడ్డాయి. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

ఎలీషా కూడా మూసుకున్నాడు, ఒకటి. రెండోదాన్ని అయ్యగారి గుడ్డుకి కాపలా పెట్టాడు. పెద్దాయన ప్రార్థన సాగుతూనే ఉంది. అన్నం మీద ఆవిరి తగ్గిపోయింది. బసవరాజు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆ గుడ్డు వంకైనా చూడకుండా, చెమటలు కక్కుతున్నాడు.

"ఆమెన్," అని అయ్యగారు కళ్ళు తెరిచి కంచంలోకి చూశారు. గుడ్డు అక్కడే ఉంది. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఏం బాబూ," అన్నారు బసవరాజుతో, "నాది నచ్చలేదా?"

"అట్లా కాదు సార్..."

"కావాల్సినంత టైమిచ్చానే!"

గుడ్డు తీసి అతని కంచంలో పెట్టారు. తరవాత ఉత్త పులుసుతో అన్నం కలుపుకుని, వడ్డించే ఆయనతో ఉప్పు సరిగ్గా పడిందని చెప్పి, కడుపునిండా తిన్నారు. బల్ల చుట్టూ నవ్వులు మోగాయి. బసవరాజు చెవులు ఎర్రబడ్డాయి.

గేటు దాకా దిగబెట్టడానికి ఎలీషా వెంట వెళ్ళాడు. అతనికి ఉక్రోషంగా ఉంది.

"వాణ్ణి నాలుగు మాటలంటారనుకున్నానండి. మీరే ఇచ్చేస్తే ఇక వాడికి అడ్డేముంది?"

"ఇందాక ఏం ప్రార్థించావు?" అని అడిగారు అయ్యగారు.

"ఏం లేదండి. మీ గుడ్డు చూస్తున్నాను."

"నేనూ గుడ్డు గురించే అడిగాను. ఆ అబ్బాయి తీసుకుంటే బాగుండునని."

చెప్పి, రెండు వైపులా చూసుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

మళ్ళీ బుధవారం వచ్చింది. కంచంలో గుడ్డు పడగానే ఎలీషా దాన్ని తీసి బసవరాజు కంచంలో పెట్టాడు. బసవరాజు అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"ఏం కలిపినావ్‌రా దీంట్లో?"

"ఏం లేదు. తిను."

ఎలీషా కళ్ళు మూసుకున్నాడు. కాపలా కాయాల్సిందేమీ లేదు. అమ్మ గుర్తొచ్చింది. సముద్రం మీదికెళ్ళే నాన్న గుర్తొచ్చాడు. ఎంతోకాలంగా చెప్పుకోని మాటలన్నీ తీరిగ్గా, ఒకదాని వెంట ఒకటి చెప్పుకున్నాడు. ఆఖర్న బసవరాజు పేరు కూడా దొర్లింది. ఎందుకు దొర్లిందో అతనికే తెలీదు.

తెరిచేసరికి బల్ల దగ్గర చప్పుడు లేదు. నలుగురూ అన్నంలో చెయ్యి పెట్టకుండా కూర్చుని ఉన్నారు. బసవరాజు కంచంలో గుడ్లు రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"అయిపాయనా?" అన్నాడు బసవరాజు.

"అయింది."

బసవరాజు నీళ్ళ గ్లాసు పక్కకి జరిపాడు. తరవాత ఎటో చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు: "ఇంగోసారి మూయి. మా నాయనకి రేపు కంటి ఆపరేషన్."

ఎలీషా చేతులు జోడించాడు.

"పేరు చెప్పు," అన్నాడు.